డంజన్ క్రాల్ స్టోన్ సూప్: మినోటార్ వదిలి నాగ తీసుకోవచ్చా?

నీలిదీపం:

అందరికీ నమస్కారం. స్టోన్ సూప్‌లో రేస్, అంటే ఆడే పాత్ర జాతి, ఎంచుకోవడం గురించి సలహా కావాలి. (కొత్తవాళ్ళకి: ఇది నేలమాళిగలో ఫ్లోర్ తర్వాత ఫ్లోర్ దిగుతూ రాక్షసులతో పోరాడే కంప్యూటర్ ఆట.) కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఆట మొదలుపెట్టినప్పటి నుంచీ మినోటార్ (ఎద్దు తల ఉన్న మనిషి) బెర్సర్కర్ (ఆవేశంతో, అంటే బెర్సర్క్ అయి, గట్టిగా కొట్టే యోధుడు) తప్ప వేరేది ఆడలేదు. ఎవర్ని అడిగినా కొత్తవాళ్ళకి అదే మంచిదన్నారు. రేస్‌ల స్క్రీన్‌లో కూడా అది సింపుల్ అన్న వరుసలోనే ఉంటుంది. నిజంగానే సుఖంగా ఉంది. గొడ్డలి పట్టుకుని 'o' కీ (దానంతటదే ఫ్లోర్ తిరిగే కీ) నొక్కుతూ తిరగడం, ఎవరైనా ఎదురొస్తే టాబ్ (దానంతటదే కొట్టే కీ) నొక్కడం, గట్టివాడు తగిలితే బెర్సర్క్ అవడం. లెయిర్ అనే జంతువుల గుహ దాకా పెద్దగా ఆలోచించే పనే లేదు. అక్కడికి వెళ్ళాక మాత్రం రన్ ముగుస్తోంది. ఒక్కోసారి హైడ్రా (చాలా తలల పాము), ఒక్కోసారి యాక్‌ల మంద.

అదే ఆట మళ్ళీ మళ్ళీ ఆడుతున్నట్టు అనిపించి, ఈమధ్య రేస్‌ల వివరాలన్నీ ఒక్కొక్కటిగా చదివాను. నాగ బాగా నచ్చింది. నడుం పైన మనిషి, కింద పాము. విషం పట్టదు. అదృశ్యంగా ఉన్నవాళ్ళు కూడా కనిపిస్తారు. విషం ఉమ్మొచ్చు. హెచ్‌పీ (ప్రాణశక్తి) మనిషి కన్నా ఎక్కువ. లెవెల్ పెరిగేకొద్దీ ఒంటి చర్మమే గట్టిపడి ఏసీ (దెబ్బలు తగ్గించే రక్షణ) పెరుగుతుంది. చదువుతుంటే అన్నీ లాభాలే.

ఆడితే కథ వేరే ఉంది. మూడో ఫ్లోర్, నాలుగో ఫ్లోర్ దాటడం లేదు. ఓగ్రే అనే భారీ రాక్షసుడు వస్తాడు, రెండు దెబ్బలు పడతాయి, వెనక్కి తిరిగితే నా పాము పాకుతూనే ఉంటుంది, వాడు వెంటనే పక్కకొచ్చి నిలబడతాడు. ఇంతే.

మినోటార్‌తో ఒకసారి గెలిచే దాకా వేరే రేస్ ముట్టుకోకూడదా? లేక నాగతోనే పట్టుబట్టి నేర్చుకోవచ్చా? నాకైతే నాగే ఆడాలని ఉంది. ఏ బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర మొదలుపెట్టే వృత్తి) తీసుకోవాలో కూడా చెప్పండి.

గొడ్డలిదెబ్బ:

బ్రో, మినోటార్ మీదే ఉండు. లెయిర్ దాకా వెళ్తున్నావంటే సగం పని అయిపోయినట్టే, ఇప్పుడు రేస్ మారిస్తే మొదటికొస్తావు.

నీ హైడ్రా సమస్య రేస్ వల్ల వచ్చింది కాదు, గొడ్డలి వల్ల వచ్చింది. గొడ్డలి, కత్తి లాంటి పదునున్న ఆయుధంతో కొడితే తల తెగుతుంది, తెగిన చోట రెండు మొలుస్తాయి. ఎన్ని తలలుంటే అన్ని కాట్లు. కొట్టేకొద్దీ దాని బలం పెరుగుతుందన్నమాట. బ్యాగ్‌లో పదును లేని మేసో, ఫ్లెయిలో ఒకటి ఉంచుకుని హైడ్రా కనబడగానే మార్చుకో. మంట అంటుకునే బ్రాండ్ (ఆయుధానికి ఉండే మాయగుణం) ఉన్న గొడ్డలి దొరికితే ఇంకా మంచిది, తెగిన మెడ కాలిపోయి మళ్ళీ మొలవదు. యాక్‌ల మందని సందులోకి లాగి ఒక్కొక్కదాన్నే కొట్టు, మైదానంలో నిలబడకు.

ఇంకో మాట. బెర్సర్క్ దిగాక స్లో అవుతావు, కాసేపు మళ్ళీ బెర్సర్క్ అవలేవు. గదిలో ఇంకొకడు మిగిలి ఉండగా దిగిపోయావా, అక్కడే ప్రాణం పోతుంది. ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుని అప్పుడు వాడు.

రాతిగోడ:

నీలిదీపం గారూ, నేను గొడ్డలిదెబ్బ గారితో ఒక విషయంలో ఒప్పుకుంటాను, ఒక విషయంలో ఒప్పుకోను. హైడ్రా గురించి ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కానీ నచ్చిన రేస్‌ని గెలిచిన తర్వాత ఆడుకోవడానికి దాచిపెట్టుకోమనడం నాకు సరి అనిపించదు. ఈ ఆటలో చచ్చిపోతే మళ్ళీ మొదటి ఫ్లోరే. ఇష్టంలేని క్యారెక్టర్‌తో అన్నిసార్లు మొదటి నుంచి మొదలుపెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. మీరు నాగ ఆడండి. అయితే దాన్ని మినోటార్‌లాగా ఆడకండి, అంతే.

రేస్ వివరాలు చదివేటప్పుడు చాలామంది ఇది ఎంత గట్టిగా కొడుతుంది, ఏ మేజిక్‌లో బాగుంటుంది అని చూస్తారు. నేను ముందు చూసేది ఒక్కటే: పోరాటం చెడిపోయిన రోజున ఈ రేస్‌తో ఎలా బయటపడతాను? దానికి జవాబు ప్రతి రేస్‌లో వేరుగా ఉంటుంది. ఆ జవాబు తెలియకుండా ఆడితే మూడో ఫ్లోర్ దాటడం కష్టం.

అంకెల్లో చెప్తాను. మామూలు రేస్ ఒక గడి కదలడానికి 10 యూనిట్ల కాలం పడుతుంది. మనిషి, మినోటార్, గార్గోయిల్ అందరికీ ఇదే. స్ప్రిగ్గన్ అనే చిన్న జాతికి 6 చాలు. నాగకి 14 కావాలి. ఓగ్రే కూడా 10లోనే కదులుతాడు. అంటే మినోటార్ పక్కకి ఓగ్రే ఒకసారి వచ్చి నిలబడ్డాక మినోటార్ ఎంత నడిచినా వాడు వెనకే ఉంటాడు. మినోటార్‌తో మీరు ఓగ్రేల నుంచి నడిచి తప్పించుకోలేదండీ, వాళ్ళని చంపి తప్పించుకున్నారు. వెనక్కి తిరిగి పారిపోవడం ఆ రేస్‌కి కూడా చేతకాదు. బెర్సర్క్ ఉండడం వల్ల ఆ సంగతి మీకు కనబడలేదు. నాగ ఆ లోపాన్ని మొదటి రోజే మొహం మీద చూపిస్తుంది.

ఇప్పుడు నాగ లెక్క చూద్దాం. ఓగ్రే 7 గడుల దూరంలో, అంటే చూపు ఆనే చివర్లో కనబడ్డాడనుకోండి. మీరు 5 గడులు పాకేసరికి 70 యూనిట్లు అయిపోతాయి, వాడు 7 గడులు వస్తాడు. అంటే 5 అడుగులకి మీ మధ్య దూరం 2 గడులు తగ్గుతుంది. వాడు మీ పక్కకి చేరాలంటే దూరం 6 గడులు తగ్గాలి, దానికి మీరు సుమారు 15 గడులు పాకాలి. కాబట్టి మెట్లు వాడికి ఎదురు దిక్కున 15 గడుల లోపల ఉంటే ఓగ్రే మిమ్మల్ని అందుకోలేడు. అదే ఓగ్రే 3 గడుల దూరంలో ఉండగా తిరిగారంటే 5 అడుగుల్లో దొరికిపోతారు. రెండు దెబ్బలు తిన్నాక తిరిగితే ఇంక చెప్పేదేముంది. ఆటలో కదలికల కాలం అటూ ఇటూ కొంచెం మారుతుంది కాబట్టి రెండు గడులు తక్కువే లెక్కేసుకోండి.

ఇందులోంచి నాగ ఆడే పద్ధతి మొత్తం వచ్చేస్తుంది. నిర్ణయం చూపు ఆనిన మొదటి క్షణంలోనే తీసుకోవాలి. కొత్త రాక్షసుడు కనబడగానే ఎక్స్, వీ నొక్కి వాడి వేగం, చేతిలో ఆయుధం చూడండి. మెట్లు ఎంత దూరంలో ఉన్నాయో చూడండి. పోరాడాలంటే కదలకండి, ఉన్నచోటే ఉండి వాడినే రానివ్వండి. ఎందుకంటే నాగకి నెమ్మది కదలికలోనే ఉంది. కొట్టడం, ఉమ్మడం, మంత్రం వేయడం, విసరడం అన్నీ అందరిలాగే మామూలు వేగంతో చేస్తుంది. వాడు నడిచి వచ్చే ఆ ఆరేడు టర్న్‌లు మీకు ఉచితంగా దొరికినవి. మినోటార్ ఆ టర్న్‌లని ఎదురెళ్ళడానికి వాడుతుంది. నాగ వాటితో సగం పని పూర్తిచేయాలి.

ఇంకొకటి మెట్ల గురించి. కింది ఫ్లోర్‌కి దిగగానే మీరు మెట్ల మీదే ఉంటారు. అప్పుడు ప్రమాదం కనబడితే ఒక్క గడి కూడా పాకకుండా తిరిగి పైకి ఎక్కేయొచ్చు. ఆ సమయంలో పక్కగడుల్లో ఉన్నవాళ్ళే వెంట వస్తారు. గ్నోల్‌ల గుంపు మీద పడితే ఈ పద్ధతితోనే విడదీస్తాను. ఒకడు పక్కకి రాగానే పైకి ఎక్కుతాను, వాడొక్కడే వస్తాడు, పైన వాడి పని ముగించి మళ్ళీ దిగుతాను. నాగతో మెట్లని ఇల్లులా చూసుకోవాలి. దూరంగా గోల వినబడితే అటువైపు ఓ కీ నొక్కుతూ వెళ్ళడం కాదు, మెట్ల దగ్గరికి తెచ్చుకోవాలి.

బ్యాక్‌గ్రౌండ్ గురించి సాయంత్రం రాస్తాను, దానికి వేరే పోస్ట్ కావాలి.

నీలిదీపం:

రాతిగోడ గారూ, ఆ 15 గడుల లెక్క చదివి వెంటనే ఆట తెరిచి ఒకసారి కొలుచుకుని చూశాను. మూడో ఫ్లోర్‌లో ఓగ్రే కనబడ్డాడు, మెట్లు 9 గడుల దూరం, కదిలాను. నేను మెట్లు ఎక్కేటప్పటికి వాడు ఇంకా నాలుగు గడుల దూరంలోనే ఉన్నాడు. నాగతో ఓగ్రే నుంచి ప్రాణాలతో బయటపడటం ఇదే మొదటిసారి. చాలా థాంక్స్ అండీ.

ఒక సందేహం. ట్రోల్ తీసుకుంటే ఇవన్నీ అక్కర్లేదని ఇంకో చోట చదివాను. కానీ ట్రోల్‌కి ఆకలి ఎక్కువ, తిండి దొరక్క చస్తుందని కూడా అదే గైడ్‌లో ఉంది. ఏది నమ్మాలి?

పాతగుహ:

తమ్ముడూ, ఆ గైడ్ పక్కన పెట్టెయ్. ఆకలి, తిండి అన్న వ్యవస్థని 0.26 వెర్షన్‌లోనే ఆటలోంచి తీసేశారు. ఇప్పుడు ట్రోల్‌కి తిండి గొడవ లేదు, ఎవరికీ లేదు. పాత రోజుల్లో చచ్చినవాటి మాంసం కోసుకుని తింటూ, కుళ్ళిందా బాగుందా అని చూసుకుంటూ తిరిగేవాళ్ళం. ట్రోల్ ఆడితే ఎప్పుడూ వంటపనే అన్నట్టుండేది.

లిన్లీ హెంజెల్ రాసిన అసలు డంజన్ క్రాల్ నుంచి 2006లో స్టోన్ సూప్ విడిపోయింది. అప్పటినుంచి రేస్‌లు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. నీకు దొరికిన గైడ్‌లో హాఫ్లింగ్, సెంటార్, డీప్ డ్వార్ఫ్ ఆడమని రాసుంటే అది పాత వెర్షన్‌ది, ఇప్పుడు ఆ రేస్‌లు ఎంచుకునే స్క్రీన్‌లోనే ఉండవు. గైడ్ చదివే ముందు ఏ వెర్షన్‌కి రాశారో చూడటం అలవాటు చేసుకో. ఆట లోపలే ప్రశ్నార్థకం కొట్టి, తర్వాత శాతం గుర్తు కొడితే ఇప్పటి రేస్‌లన్నిటి యాప్టిట్యూడ్‌ల పట్టిక (ఏ జాతికి ఏ స్కిల్ ఎంత సులువో చెప్పే అంకెలు) వస్తుంది. దానికి మించిన గైడ్ లేదు.

ఆ పట్టిక చదవడం కూడా చెప్తాను, చాలామందికి తెలియదు. సున్నా అంటే మనిషితో సమానం. ప్రతి 4 పాయింట్లకి ఖర్చు రెండింతలో, సగమో అవుతుంది. +4 ఉంటే మనిషికి పట్టే ఎక్స్‌పీరియన్స్‌లో సగంతోనే ఆ స్కిల్ అదే స్థాయికి వస్తుంది. -4 ఉంటే రెట్టింపు పోయాలి. మినోటార్‌కి స్పెల్‌కాస్టింగ్ -4. మంత్రాలు నేర్చుకోకూడదని ఎవరూ ఆపరు, కానీ రెట్టింపు ధర కట్టాలి. +1, -1 తేడాలు చూసి బుర్ర పాడుచేసుకోవద్దు. అవి రన్‌ని గెలిపించవు, ఓడించవు.

ట్రోల్ విషయం. మొదట్లో అంత హాయి ఇంకెక్కడా లేదు. గోళ్ళే ఆయుధం, హెచ్‌పీ బోలెడు, దెబ్బలు చూస్తుండగానే మానిపోతాయి, పెద్ద బండరాళ్ళు విసరగలదు. చిక్కు తర్వాత వస్తుంది. ఒళ్ళు పెద్దది కాబట్టి ఇనుప కవచాలు పట్టవు, హెల్మెట్, గ్లవ్స్, బూట్లు కూడా లేవు. వేసుకోగలిగింది రోబ్, జంతువుల తోళ్ళు, డ్రాగన్ పొలుసుల్లాంటివే. లెయిర్ తర్వాత వచ్చే దెబ్బలు చిన్నవి కావు, ఏసీ లేకపోతే ఎంత హెచ్‌పీ ఉన్నా కరిగిపోతుంది. నాకు ట్రోల్ అంటే ప్రాణం, అయినా నీకు చెప్పేది ఇదే: ట్రోల్ సులువు అనుకుని వెళ్ళకు, వాల్ట్స్ అనే లోతైన చోట ఏం వేసుకోవాలో ఇప్పుడే ఆలోచించుకుని వెళ్ళు.

రాతిగోడ:

చెప్పినట్టే బ్యాక్‌గ్రౌండ్ గురించి రాస్తున్నాను.

నాగతో బెర్సర్కర్ కూడా నడుస్తుంది, ఫైటర్ కూడా నడుస్తుంది. కానీ మీకు నాగలో నచ్చింది ఆ విషం, ఆ పాము గుణం కాబట్టి ఆల్కెమిస్ట్ తీసుకోమంటాను. పాత వెర్షన్లలో వెనమ్ మేజ్ అనేవాళ్ళు. చేతికొచ్చే పుస్తకంలో మెఫిటిక్ క్లౌడ్ అనే మూడో లెవెల్ మంత్రం ఉంటుంది. అది పడిన చోట కంపుకొట్టే పొగ లేస్తుంది, అందులో ఉన్నవాళ్ళకి తల తిరిగిపోయి ఎటు వెళ్తున్నారో తెలియకుండా పోతుంది. విషం పట్టనివాళ్ళకి ఆ పొగ ఏమీ చేయదు. నాగకి పుట్టుకతోనే విషం పట్టదు. అర్థమైంది కదా? వేరే రేస్ అయితే పొగ తన మీదకి రాకుండా దూరం నుంచి వేసి, వెనక్కి జరుగుతూ ఉండాలి. మీరు పొగ మధ్యలో నిలబడి పోరాడొచ్చు.

నా రన్‌లో ఒక ఓగ్రేతో జరిగింది చెప్తాను, అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. నేను సందు మొదట్లో ఉన్నాను, వాడు చేతిలో జెయింట్ క్లబ్ అనే పెద్ద దుడ్డుకర్రతో గది అవతలి గోడ దగ్గర కనబడ్డాడు. మెట్లు చాలా దూరం, కాబట్టి కదలలేదు. మొదటి టర్న్‌లో విషం ఉమ్మాను, తగిలింది, వాడి పక్కన విషం గుర్తు వచ్చింది. ఉమ్మాక మళ్ళీ ఉమ్మడానికి కాసేపు ఆగాలి, అందుకని వాడు మూడు గడుల దూరానికి వచ్చేదాకా ఆగి మెఫిటిక్ క్లౌడ్ వేశాను. పొగ వాడినీ నన్నూ కలిపి కమ్మేసింది. వాడు ఒక అడుగు గోడ వైపు, ఒక అడుగు వెనక్కి, ఇంకో అడుగు పక్కకి. నేను కదలకుండా చేతికందినప్పుడల్లా కొడుతూ, మధ్యలో మళ్ళీ ఉమ్ముతూ ఉన్నాను. వాడు ఒకసారి క్లబ్ ఎత్తాడు, అది ఖాళీ గడి మీద పడింది. పొగ పలచబడేటప్పటికి విషమే వాడి పని ముగించింది. మీరు రోజూ చచ్చిపోతున్న ఆ ఓగ్రేయే.

మంత్రం ప్రతిసారీ పనిచేస్తుందని కాదు, గట్టివాళ్ళు తట్టుకుంటారు. శవాలు, అస్థిపంజరాలు, ఇంకా చాలా రకాల దెయ్యాల మీద విషం అసలు పనిచేయదు. అందుకని లెయిర్ దాటే లోపల రెండో ఆధారం ఒకటి కావాలి. మంచి ఆయుధం దొరికితే దానికి స్కిల్ పెట్టండి, వేరే స్కూల్ మంత్రాల పుస్తకం దొరికితే అటు వెళ్ళండి. ఏది దొరికితే అది, ముందే గీత గీసుకోకండి.

అదృశ్యం కనబడటం చిన్న లాభం అనుకోవద్దు. మొదటి ఫ్లోర్లలో కొత్తవాళ్ళని బాగా చంపే సిగ్మండ్ ఉన్నాడు చూశారా, పెద్ద కొడవలి పట్టుకుని తిరిగేవాడు. మాయమై, తికమక పెట్టి, పక్కనే నిలబడి నరుకుతాడు. వేరే రేస్ అయితే ఖాళీ గడులని కొడుతూ ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. నాగకి వాడు మాయమైనా కనబడుతూనే ఉంటాడు, వాడి టర్న్ వృథా.

దేవుడి విషయానికొస్తే, నాలుగో ఫ్లోర్ నుంచి ఏడో ఫ్లోర్ మధ్యలో ఎక్కడో గుడి తగులుతుంది, అక్కడ ఎంచుకోండి. నాగ ఆడేవాళ్ళు చాలామంది చైబ్రియాడోస్ దగ్గరికి వెళ్తారు. నెమ్మదికి దేవుడు, భక్తులని ఇంకా నెమ్మదిగా కదిలేలా చేస్తాడు, బదులుగా బలం, తెలివి, చురుకు మూడూ పెంచుతాడు. నాగ ఎలాగూ పారిపోదు కాబట్టి పోగొట్టుకునేది తక్కువ, వచ్చేది ఎక్కువ. ఆ జోడీ నాకు చాలా ఇష్టం. కానీ మొదటి నాగకే వద్దండీ. 15 గడుల లెక్క చేతికి అలవాటు కాకముందే ఇంకా నెమ్మదైతే మెట్లు చేరే అవకాశం కూడా పోతుంది. మంత్రాల దారిలోనే కొనసాగితే వేహుమెట్ బాగుంటాడు. ఆయుధం వైపు వెళ్తే ఒకవారు అనే దేవుడు. ట్రాగ్ మాత్రం వద్దు, ఆయనకి మంత్రాలంటే పడదు.

బట్టల సంగతి. బాడీ ఆర్మర్ వేసుకోవచ్చు కానీ పాము ఒంటికి సరిగ్గా కుదరదు, అది ఇవ్వాల్సిన ఏసీ పూర్తిగా రాదు. మంత్రాలు వేసేవాళ్ళు బరువైన ఇనుము కోసం ఆశపడక్కర్లేదు. బూట్లు లేవు, వాటి బదులు పాము ఒంటికి తొడిగే బార్డింగ్ వస్తుంది. అది అరుదు. దొరికితే ఇంకేం ఆలోచించకుండా వేసుకోండి.

చిన్నకత్తి:

రాతిగోడ గారి మొదటి పోస్ట్‌కి నా రేస్ వైపు నుంచి ఒక మాట కలుపుతాను. నేను స్ప్రిగ్గన్ ఎన్‌చాంటర్ ఆడతాను. వేగంలో నాగకి పూర్తిగా ఎదురు చివర. ఓగ్రే 10 గడులు నడిచేలోపు నేను 16 గడులు వెళ్ళిపోతాను. మొదటి ఫ్లోర్లలో నన్ను తరిమి పట్టుకునేది దాదాపు ఏదీ లేదు. నిద్రపోతున్నవాడి పక్కకి చప్పుడు కాకుండా చేరి కత్తితో పొడిస్తే పెద్దపెద్దవాళ్ళు కూడా ఒక్క పోటుకి పడిపోతారు.

అయినా నేను కూడా చచ్చే చోటు ఒకటుంది, అందరూ రేస్ ఎంచుకునే ముందు తెలుసుకోవాలి. ఆర్క్ జాతి పూజారి, ఆర్క్ ప్రీస్ట్. వాడి స్మైట్ అనే దైవశక్తి దెబ్బకి ఏసీ అడ్డు రాదు, తప్పించుకునే నేర్పు అడ్డు రాదు. కంటికి కనబడితే చాలు, దెబ్బ పడిపోతుంది. నా హెచ్‌పీ మనిషి కన్నా 30 శాతం తక్కువ. మీ నాగ రెండు మూడు స్మైట్లు తిని కూడా నిలబడుతుంది, నేను నిలబడను. అందుకే ప్రీస్ట్ కనబడిన మరుక్షణం వాడి చూపుకి అందకుండా మలుపు తిరుగుతాను. మీరు మాత్రం వాడికి మొహం మీదే ఉమ్మొచ్చు.

నీలిదీపం:

అందరికీ చాలా థాంక్స్. నాగ ఆల్కెమిస్ట్ మొదలుపెట్టాను. గొడ్డలిదెబ్బ బ్రో, మినోటార్ సేవ్ కూడా అలాగే ఉంచాను, మేస్ బ్యాగ్‌లో పెట్టుకున్నాను.

ప్రస్తుతం ఏడో ఫ్లోర్‌లో ఉన్నాను, ఇంత దాకా నాగతో ఎప్పుడూ రాలేదు. ఇప్పుడే కింద శత్రువుగా సెంటార్ (సగం మనిషి, సగం గుర్రం) కనబడింది. దూరం నుంచి బాణాలు వేస్తోంది, దాని వేగం చూస్తే నాకన్నా చాలా ఎక్కువ. దగ్గరికి వెళ్ళలేను, దూరం పోలేను. తిరిగి పైకి ఎక్కేశాను. మెట్ల దగ్గరే కూర్చుని ఇది రాస్తున్నాను. ఏం చేయాలి?

రాతిగోడ:

పైకి ఎక్కడం సరైన పని. సెంటార్ నాగకి నిజంగా గట్టి శత్రువు, కాబట్టి తొందరపడకండి.

మెట్ల చుట్టూ ఏముందో మ్యాప్‌లో చూడండి. మీరు దిగగానే నాలుగైదు గడుల లోపల గోడ మలుపో, తలుపో ఉందా? ఉంటే దిగి, అది కనబడేలోపు మలుపు వెనక్కి చేరండి. బాణం వేయాలంటే దానికి మీరు కనబడాలి. కనబడకపోతే అదే వెతుక్కుంటూ మలుపు దాకా వస్తుంది. వచ్చేసరికి మీ పక్క గడిలో ఉంటుంది. మలుపు వెనక గోడకి అంటుకుని నిలబడండి, ఒక గడి వెనక్కి ఉంటే దూరం నుంచే చూసేస్తుంది. అది పక్కకి రాగానే మెఫిటిక్ క్లౌడ్. తల తిరిగిన సెంటార్‌కి గురి కుదరదు, మీరు పొగలోనే ఉండి కొట్టండి.

మలుపు దగ్గరలో లేకపోతే ఈ మెట్లు వదిలేయండి. ప్రతి ఫ్లోర్‌కి దిగే మెట్లు మూడుంటాయి, పైన తిరిగి ఇంకో మెట్ల నుంచి దిగండి. అది అక్కడే మీ కోసం తిరుగుతూ ఉంటుంది, మీరు వేరే మూల నుంచి మంచి చోటు చూసుకుని అప్పుడు పిలవొచ్చు.

దిగే ముందు ఎమ్ నొక్కి స్కిల్స్ చూడండి. మంత్రాలకే పోస్తూ ఫైటింగ్ ఆపేసి ఉంటే దాన్ని కూడా ఆన్ చేయండి, హెచ్‌పీ దాని వల్ల కూడా పెరుగుతుంది. హెచ్‌పీ పూర్తిగా నిండాకే దిగండి. టెలిపోర్టేషన్ స్క్రోల్ ఉంటే అది ఏ అక్షరం మీద ఉందో ముందే చూసి పెట్టుకోండి. చదివాక కూడా మూడు నుంచి ఐదు టర్న్‌లు ఆగితే గానీ అది పనిచేయదు, కాబట్టి సగం హెచ్‌పీ ఉండగానే చదవాలి. ఏమైందో రాయండి, రాత్రి చూస్తాను.